ఒక నింద – ఎన్నో తరాల కన్నీళ్ళు

(యూరపులో యూదుల పట్ల క్రైస్తవ సమాజము చూపిన ద్వేషపు చరిత్ర)

మన సొసైటీ సావనీరులో మన పెద్దల సేవల గురించి, ఇస్లామీయ చరిత్ర గురించి వ్యాసాలు రావడం సహజం. ఈసారి మేము మరొక మతం వారి చరిత్రను పాఠకుల ముందు పెడుతున్నాము. ఇది యూరపు ఖండంలో యూదులు పడిన బాధల చరిత్ర. మన ఇళ్ళలోగాని, చాయ్ హోటళ్ళ దగ్గరగాని యూదుల ప్రస్తావన వచ్చినదంటే అది పలస్తీనా సమస్యతో మొదలై అక్కడే ముగుస్తుంది. అంతకుముందు పదిహేను, పదహారు వందల ఏళ్ళపాటు ఏమి జరిగినదో చాలామందికి తెలియదు. తెలియకపోవడంవల్ల మనకే ఒక నష్టమున్నది. అది ఏమిటో చివరిలో మనవి చేస్తాము.

ముందుగా ఒక మాట. మన వీధిలో మనతోపాటు బతుకుతున్న క్రైస్తవ సోదరులను వేలెత్తి చూపడానికి ఈ వ్యాసం రాయలేదు. గుంటూరులోనో, మెదక్‌లోనో చర్చికి వెళ్ళే మనిషికి యూరపులో జరిగినవాటితో ఏమి సంబంధం? పైగా ఈ చరిత్రను తవ్వి తీసి, తప్పు తప్పేనని చెప్పినవారిలో క్రైస్తవ పండితులు ఎందరో వున్నారు.

నింద ఎలా పుట్టినది

హజ్రత్ ఈసా అలైహిస్సలామ్ బనీ ఇస్రాయీల్‌లోనే జన్మించినారు. తల్లి హజ్రత్ మర్యమ్, మొదటి శిష్యులు, అందరూ ఆ వంశంవారే. క్రైస్తవుల గ్రంథాల ప్రకారం చూచినా శిలువ శిక్ష విధించినది రోమను గవర్నరు పొంతి పిలాతు, అమలు చేసినది రోమను సైనికులు. శిలువ వేయడమనేది రోమను ప్రభుత్వపు శిక్ష. ఇక మన విశ్వాసం ప్రకారమైతే ఆయనను ఎవరూ చంపనేలేదు, శిలువ వేయనూ లేదు. కాబట్టి ఆ నిందకు మన దగ్గర చోటే లేదు.

మొదట్లో ఇది ఒకే ఇంటిలో అన్నదమ్ముల తగవువంటిది. ఈసా మసీహ్‌ను నమ్మిన యూదులకు, నమ్మని యూదులకు మధ్య వాదం. క్రీ.శ. 70లో రోమనులు యెరూషలేములోని ఆలయాన్ని నేలమట్టం చేసినారు. ఆ తర్వాత కాలక్రమేణా క్రైస్తవులలో యూదులు కానివారే ఎక్కువైనారు. ఇంటి తగవు కాస్తా రెండు మతాల తగవు అయినది. రెండవ శతాబ్దంలో సార్దిస్ పట్టణపు బిషప్ మెలితో తన ప్రసంగంలో యూదులను దైవహంతకులని నిందించినాడు. అప్పటికి క్రైస్తవులు కూడా రోమను ప్రభుత్వం చేతిలో బాధలు పడుతున్నవారే. చేతిలో అధికారం లేనంతవరకు ఆ నింద మాటగానే వున్నది.

313లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి క్రైస్తవులకు స్వేచ్ఛ ఇచ్చినాడు. 380లో థియొడోసియస్ చక్రవర్తి ఆ మతాన్ని రాజ్య మతంగా ప్రకటించినాడు. ఎనిమిదేళ్ళు గడిచినవో లేదో, 388లో యూఫ్రటీస్ నది ఒడ్డున కల్లినికమ్ అనే ఊరిలో క్రైస్తవ జనం యూదుల ప్రార్థనామందిరాన్ని తగలబెట్టినారు. స్థానిక బిషప్పే ప్రేరేపించినాడని అభియోగం. చక్రవర్తి ముందు న్యాయంగానే ఆజ్ఞాపించినాడు. తగలబెట్టించిన బిషప్ సొంత ఖర్చుతో మందిరాన్ని తిరిగి కట్టించాలన్నాడు. కాని మిలాన్ బిషప్ ఆంబ్రోజ్ ఒప్పుకోలేదు. క్రైస్తవుల డబ్బుతో యూదుల మందిరం కట్టించడమా అని చక్రవర్తిపైన ఒత్తిడి తెచ్చినాడు. చక్రవర్తి తగ్గిపోయినాడు, ఆజ్ఞ రద్దయినది. చట్టం ఒక మతం వారికి ఒకలాగ, మరొక మతం వారికి మరొకలాగ పనిచేయడం అక్కడ కండ్లకు కట్టినట్లు కనిపిస్తుంది.

దానికి కాస్త ముందే, 386–387లో, అంతియొకయ పట్టణంలో జాన్ క్రిసోస్టమ్ అనే గొప్ప వక్త యూదులపైన ఎనిమిది ప్రసంగాలు చేసినాడు. ఎందుకు చేసినాడో వింటే ఆశ్చర్యం వేస్తుంది. ఆ ఊరి క్రైస్తవులు యూదుల పండుగలకు వెళ్ళేవారు, వారి మందిరంలో ప్రమాణాలు చేసేవారు. అంటే సామాన్య జనం కలిసిమెలిసి వున్నారు. ఆ కలయికను తెంచడానికే పండితుని నోట అంత కఠినమైన మాటలు వచ్చినవి.

అదే కాలంలోని అగస్టీన్ అనే మతాచార్యుడు మరొక దారి చూపినాడు. యూదులను చంపరాదు, వారి గ్రంథాలే మన మతానికి సాక్ష్యం, కాని వారు చెదరిపోయి, లొంగి బతకాలి అన్నాడు. తర్వాత వచ్చిన పోపులు చాలామంది ఈ మార్గాన్నే పట్టినారు. యూదులు యూరపులో పూర్తిగా తుడిచిపెట్టుకుపోకపోవడానికీ, తలెత్తుకొని తిరగలేకపోవడానికీ రెంటికీ ఇదే కారణం.

శిలువ యుద్ధాల కాలం

1095లో పోపు రెండవ అర్బన్ శిలువ యుద్ధానికి పిలుపు ఇచ్చినాడు. యుద్ధం మన పూర్వీకుల పైన, యెరూషలేము కోసం. కాని 1096లో కత్తులు పట్టుకొని బయలుదేరిన మూకలు ముందుగా దారిలోని యూదుల పైన పడ్డవి. దూరాన వున్న శత్రువు సంగతి తర్వాత, ఇంటి ముంగిట వున్న వీళ్ళ సంగతి ముందు తేల్చుదాం అన్నారు. జర్మనీలోని రైన్ నది ఒడ్డున స్పేయర్, వర్మ్స్, మెయిన్జ్, కొలోన్ పట్టణాలలో యూదుల రక్తం పారినది. మెయిన్జ్ ఒక్కదానిలోనే వెయ్యిమంది దాకా ప్రాణాలు కోల్పోయినారని చరిత్రకారులు చెపుతారు. బలవంతపు బాప్తిస్మానికి ఒప్పుకోలేక తమ పిల్లలను తామే చంపుకొని ఆత్మహత్య చేసుకున్న తల్లిదండ్రులూ వున్నారు. అయితే స్పేయర్ పట్టణపు బిషప్ జాన్ యూదులను తన కోటలో దాచి చాలామందిని కాపాడినాడు. ఈ సంగతి కూడా చెప్పకపోతే చరిత్ర చెప్పినట్లు కాదు.

1099లో ఆ సైన్యాలు బైతుల్ ముఖద్దస్‌లో ప్రవేశించినప్పుడు ముస్లిములనూ, యూదులనూ కలిపే ఊచకోత కోసినవి. ఆ రోజు రెండు మతాలవారూ ఒకే కత్తికి బలి అయినారు.

అబద్ధాలకు కాళ్ళు వచ్చినవి

1144లో ఇంగ్లాండులోని నార్విచ్ ఊరిలో విలియం అనే కుర్రవాడు చచ్చిపడి వున్నాడు. కొన్నేళ్ళ తర్వాత థామస్ అనే క్రైస్తవ సన్యాసి ఈ చావును యూదుల మతకర్మగా చిత్రించి గ్రంథం రాసినాడు. అక్కడి నుంచి ఊరూరా ఇదే కథ. ఎక్కడ పిల్లవాడు తప్పిపోయినా యూదులు రక్తం కోసం చంపినారన్న పుకారు. 1171లో ఫ్రాన్సులోని బ్లొవా పట్టణంలో, శవమే దొరకని కేసులో, ముప్ఫైమందికి పైగా యూదులను సజీవంగా కాల్చినారు. యూదుల ధర్మశాస్త్రం జంతువుల రక్తాన్ని కూడా తినరాదంటుంది. మన ఇళ్ళలో హలాల్ సంగతి తెలిసిన చిన్నపిల్లలకైనా ఇది అర్థమవుతుంది. రక్తమే ముట్టనివారిపైన రక్తం తాగుతారన్న నింద!

ఇది అబద్ధమని అప్పట్లోనే తేలినది. జర్మను చక్రవర్తి రెండవ ఫ్రెడరిక్ యూదు మతం వదలి క్రైస్తవులైన పండితులను పిలిపించి విచారించి, 1236లో ఈ నింద బూటకమని ప్రకటించినాడు. 1247లో పోపు నాల్గవ ఇన్నొసెంట్ కూడా దీనిని ఖండించినాడు. అయినా ఆగలేదు. రాజు కాదన్నా, పోపు కాదన్నా పుకారుకు పని వున్నంతకాలం అది బతుకుతుంది.

ఆ పని ఏమిటో యార్క్ పట్టణంలో చూడవచ్చు. చర్చి క్రైస్తవులకు వడ్డీ వ్యాపారం నిషేధించినది. యూదులకేమో పొలాలు లేవు, చేతివృత్తుల సంఘాలలో చోటు లేదు. చివరికి వారికి మిగిలినది అప్పులిచ్చే వ్యాపారం. వడ్డీ వారు వసూలు చేస్తే, పన్నుల రూపంలో రాజు వారి దగ్గర వసూలు చేసేవాడు. లాభం రాజుకు, తిట్లు యూదులకు. 1190 మార్చిలో యార్క్‌లో సుమారు 150 మంది యూదులు కోట బురుజులో తలదాచుకొని అక్కడే ప్రాణాలు కోల్పోయినారు. ఆ తర్వాత మూకలోని పెద్దమనుషులు తిన్నగా కెథీడ్రల్‌కు వెళ్ళి, అక్కడ భద్రపరచిన అప్పు పత్రాలను తగలబెట్టినారు. మతావేశం వెనుక లెక్కల పుస్తకం కూడా వుండినదన్నమాట.

1348–49లో మహామారి ప్లేగు వచ్చినప్పుడు యూదులు బావులలో విషం కలిపినారన్నారు. పోపు ఆరవ క్లెమెంట్ ఆజ్ఞాపత్రాలు పంపి, ప్లేగు యూదులను కూడా చంపుతున్నది గదా, యూదులే లేని దేశాలలో కూడా వున్నది గదా అని వివరించినాడు. స్ట్రాస్‌బర్గ్ నగరంలో యూదులను కాపాడబోయిన పాలకమండలినే జనం దించివేసినారు. 1349 ఫిబ్రవరి 14న అక్కడ వందలాది యూదులను కాల్చిచంపినారు. అప్పటికి ఆ ఊరికి ప్లేగు ఇంకా రానేలేదు!

బట్టల మీద గుర్తు, ఊరి నుంచి వెళ్ళగొట్టడం

1215లో రోములో జరిగిన నాల్గవ లాటరన్ మహాసభ ఒక నియమం చేసినది. యూదులు, సారసెనులు వేషంలో వేరుగా కనిపించాలి. సారసెనులంటే ముస్లిములే. చాలా దేశాలలో ఇది యూదుల బట్టలపైన గుడ్డముక్క గుర్తుగా మారినది. మనిషిని చూడగానే ఫలానా అని తెలియాలి, అంతే. 1242 ప్రాంతంలో పారిస్‌లో ఇరవై నాలుగు బండ్ల నిండా తల్మూద్ గ్రంథాలను తెచ్చి కాల్చినారు. అచ్చుయంత్రం లేని రోజులలో అన్ని చేతిరాత ప్రతులంటే ఎందరి జీవితకాలపు శ్రమ! 1290లో ఇంగ్లాండు రాజు మొదటి ఎడ్వర్డ్ యూదులందరినీ దేశం నుంచి వెళ్ళగొట్టినాడు. 1306లో ఫ్రాన్సు రాజు అదే పని చేసి వారి ఆస్తులు లాక్కున్నాడు.

స్పెయిన్ కథ మనకు మరీ దగ్గరది. అక్కడ 1391లో అల్లర్లకు భయపడి వేలాది యూదులు బాప్తిస్మం తీసుకున్నారు. మతం మారితే తగవు తీరాలి గదా? తీరలేదు. 1449లో తొలేదో నగరంలో, యూదుల వంశంలో పుట్టిన క్రైస్తవులకు పదవులు ఇవ్వరాదని శాసనం చేసినారు. రక్తశుద్ధి అనే మాట అక్కడ పుట్టినది. తప్పు నమ్మకంలో లేదు, రక్తంలోనే వున్నదన్నారు. ఇక మనిషికి తప్పించుకునే దారి ఏది? కొత్త క్రైస్తవుల నమ్మకాన్ని శోధించడానికి ఇన్‌క్విజిషన్ అనే మత న్యాయస్థానం కూడా వచ్చినది.

1492 జనవరి 2న గ్రనాడా పతనమైనది. మార్చి 31న ఫెర్డినాండ్, ఇసబెల్లా దంపతులు యూదులను బహిష్కరిస్తూ శాసనం చేసినారు. జూలై చివరిలోగా వెళ్ళిపోవాలి, బంగారం, వెండి, నాణేలు తీసుకుపోరాదు. ఇల్లు అమ్ముకున్నా సొమ్ము తీసుకుపోలేని స్థితి. గ్రనాడా ముస్లిములకేమో మతస్వేచ్ఛ ఇస్తామని ఒడంబడిక చేసినారు. పదేళ్ళు తిరిగేసరికి, 1502లో, కాస్టిల్ రాజ్యంలోని ముస్లిములకు కూడా అదే గతి: మతం మారు, లేదా వెళ్ళిపో. మారినవారి సంతతిని కూడా 1609–1614 మధ్య వెళ్ళగొట్టినారు. వారు సుమారు మూడు లక్షలమంది. పొరుగింటికి అంటించిన నిప్పు మన ఇంటికి కూడా వస్తుందని తెలుసుకోవడానికి ఇంతకన్నా రుజువు ఏమి కావాలి?

ముస్లిం రాజ్యాలలో

స్పెయిన్ నుంచి వెళ్ళగొట్టబడిన యూదులలో చాలామందికి ఉస్మానీ సుల్తాన్ రెండవ బాయజీద్ తన రాజ్యంలో చోటు ఇచ్చినాడు. ఇస్తాంబుల్, సలోనికా నగరాలలో వారు స్థిరపడి, తమ స్పానిష్ భాషను శతాబ్దాలపాటు కాపాడుకున్నారు. ఇది మనం గర్వించదగ్గ సంగతే.

అయితే మన దగ్గర అంతా బాగానే వున్నదనుకోవడం కూడా సరికాదు. 1066లో గ్రనాడాలో ముస్లిం జనం యూదు వజీరును, అక్కడి యూదులను చంపినారు. 12వ శతాబ్దంలో అల్‌మొహాద్ పాలకులు స్పెయిన్‌లో యూదులను, క్రైస్తవులను మతం విషయంలో పీడించినారు. మహా పండితుడైన మూసా బిన్ మైమూన్ కుటుంబం కొర్డోబా వదలి పోవలసి వచ్చినది అందుకే. అదే మనిషి కైరోలో సుల్తాన్ సలాహుద్దీన్ ఆస్థానంలో వైద్యుడుగా గౌరవం పొందినాడు. జిజియా కట్టి రెండవ స్థాయిలో బతకడం వేరు, తరతరాలుగా దైవహంతకులన్న ముద్రతో బతకడం వేరు. తేడా వున్నది, నిజమే. ఆ తేడాతో మన తప్పులు మాఫీ కావు.

పాత విషం, కొత్త సీసాలు

16వ శతాబ్దంలో చర్చి రెండుగా చీలినది. సంస్కర్త మార్టిన్ లూథర్ మొదట 1523లో యూదులతో మంచిగా వుండాలని రాసినాడు. వారు తన మతంలోకి రాలేదన్న కోపంతో 1543లో మరొక పుస్తకం రాసి, వారి మందిరాలు కాల్చండి, ఇండ్లు కూల్చండి, పుస్తకాలు లాక్కోండి అని సలహా ఇచ్చినాడు. మరొకవైపు వెనిస్‌లో 1516లో యూదులను ఒక పేటలో పెట్టి రాత్రి తలుపులు మూసేవారు. గెట్టో అనే పేరు అక్కడిదే. 1555లో పోపు నాల్గవ పాల్ రోములో కూడా అటువంటిదే పెట్టినాడు. 1870 దాకా అది పోలేదు.

1791లో ఫ్రాన్సు యూదులకు సమాన పౌరసత్వం ఇచ్చినది. ఇక పీడ విరగడైనదనుకున్నారు. కాని పాత నింద కొత్త వేషం వేసింది. ఇక్కడే మన పాఠకులు జాగ్రత్తగా గమనించవలసిన సంగతి వున్నది. 1840లో డమాస్కస్ నగరంలో ఒక క్రైస్తవ సన్యాసి, అతని నౌకరు కనబడకుండా పోయినారు. యూదులు రక్తం కోసం చంపినారని స్థానిక క్రైస్తవులు, ఫ్రెంచి కాన్సల్ పట్టుబట్టినారు. ముస్లిం గవర్నరు నమ్మి యూదు పెద్దలను చిత్రహింస పెట్టించినాడు. కొందరు ఆ హింసలోనే చనిపోయినారు. యూరపు అబద్ధం మన నేల మీద పనిచేసినది! మిగిలినవారు విడుదలైన తర్వాత, అదే ఏడాది నవంబరులో సుల్తాన్ అబ్దుల్ మజీద్ ఫర్మానా జారీ చేసి, యూదుల గ్రంథాలు పరిశీలించగా ఈ నిందకు ఆధారం లేదని ప్రకటించినాడు. ఆ ఫర్మానాను మన పిల్లలకు పాఠంగా చెప్పాలి.

రష్యాలోని కిషినేవ్‌లో 1903 ఈస్టరు పండుగనాడు మళ్ళీ రక్తపు పుకారుతోనే అల్లర్లు జరిగి 49 మంది యూదులు చనిపోయినారు. అదే ఏడాది ఒక రష్యను పత్రికలో, యూదులు ప్రపంచాన్ని ఏలడానికి కుట్ర చేస్తున్నారంటూ కొన్ని “రహస్య పత్రాలు” వచ్చినవి. ‘ప్రొటొకాల్స్’ అనే పేరుతో అవి ప్రపంచమంతా తిరిగినవి. 1921లో లండన్ ‘టైమ్స్’ పత్రిక వీటి గుట్టు రట్టు చేసింది. 1864లో ఫ్రెంచి రచయిత మోరిస్ జోలీ తన రాజును ఎత్తిపొడుస్తూ రాసిన పుస్తకం నుంచి కాపీ కొట్టి తయారుచేసిన దొంగ పత్రాలవి. జోలీ పుస్తకంలో యూదుల ఊసే లేదు.

1933లో హిట్లరు వచ్చినాడు. నాజీల సిద్ధాంతం జాతి సిద్ధాంతం, చర్చి సిద్ధాంతం కాదు. చర్చి యూదుణ్ణి మార్చాలని చూచినది, నాజీ అతనిని లేకుండా చేయాలని చూచినాడు. కాని దున్ని వుంచిన పొలంలోనే ఆ విత్తనం పడినది. పసుపు గుర్తు పాతదే, గెట్టో పాతదే, పుస్తకాలు కాల్చడం పాతదే. 1945 నాటికి అరవై లక్షలమంది యూదులు హతమైనారు. ఆ చీకటిలో కొందరు దీపాలు పట్టుకున్నారు. ఫ్రాన్సులో లె షాంబో అనే పల్లెలో పాస్టరు ఆంద్రే త్రొక్మే, ఆ ఊరి క్రైస్తవులు వేలాదిమందికి ఆశ్రయం ఇచ్చినారు. అల్బేనియా ముస్లిం కుటుంబాలు యూదులను అతిథులుగా దాచుకున్నవి. సరయేవో మ్యూజియం లైబ్రేరియన్ దెర్విష్ కోర్కుత్, మన ముస్లిం సోదరుడే, స్పెయిన్‌లో 14వ శతాబ్దంలో తయారైన యూదుల ప్రార్థనా గ్రంథాన్ని నాజీల చేతికి చిక్కకుండా కాపాడినాడు. ఒక యూదు బాలికను కూడా తన ఇంట్లో వుంచుకున్నాడు.

చర్చి మాట మార్చుకున్నది

ఫ్రెంచి చరిత్రకారుడు జూల్ ఇసాక్ భార్యను, కూతురిని నాజీలు చంపినారు. ఆయన పగతో కూర్చోలేదు. చర్చి బోధనలో యూదుల పట్ల తిరస్కారం ఎక్కడెక్కడ వున్నదో పుస్తకాలు తిరగేసి చూపినాడు. 1960లో పోపు ఇరవై మూడవ జాన్‌ను కలిసి విన్నవించుకున్నాడు. 1965 అక్టోబరు 28న వాటికన్ మహాసభ చేసిన ప్రకటనలో, ఈసా మసీహ్ మరణానికి ఆనాటి యూదులందరినీగాని, నేటి యూదులనుగాని బాధ్యులను చేయరాదని రాసుకున్నారు. అనుకూలంగా 2,221 ఓట్లు, వ్యతిరేకంగా 88. అదే ప్రకటనలో ముస్లిముల పట్ల గౌరవం కూడా వెలిబుచ్చినారు. 1994లో అమెరికాలోని లూథరన్ చర్చి లూథర్ రాసిన ఆ రాతలను తిరస్కరించినది. ఇంతకాలం పట్టినందుకు బాధపడాలి, చివరికి అన్నందుకు మెచ్చుకోవాలి.

మనకు దీనితో పని ఏమిటి?

హైదరాబాద్‌లో నిజాం ఆదరణతో వెలువడిన ‘ఇస్లామిక్ కల్చర్’ పత్రికకు 1930లలో ముహమ్మద్ అసద్ సంపాదకుడుగా వుండినాడు. ‘మక్కాకు దారి’ రాసిన ఆ పండితుడు లియోపోల్డ్ వైస్ అనే పేరుతో యూదు కుటుంబంలో పుట్టినవాడు, తాతగారు రబ్బీ. అసద్ ముస్లిమైనా, ఆయన తండ్రి, సోదరి నాజీలకు బలి అయినారు. మనం గౌరవంగా చదివే పుస్తకం రాసిన మనిషి ఇంటి కథ ఇది.

మొదట్లో చెప్పిన నష్టం సంగతికి వస్తున్నాము. పలస్తీనా ప్రజలకు జరిగిన అన్యాయం గురించి మాట్లాడడం మన హక్కు. 1948లో లక్షలాదిమంది ఇళ్ళు కోల్పోయినారు, ఆ గాయం నేటికీ మానలేదు. ఇది భూమి గురించి, హక్కుల గురించి, ప్రభుత్వాల చర్యల గురించిన వాదం. దీనిలో రక్తపు కథలకు, ‘ప్రొటొకాల్స్’ వంటి దొంగ పత్రాలకు పని లేదు. అవి యూరపు చర్చి ఆవరణలోనూ, రష్యా అచ్చు కార్యాలయంలోనూ పుట్టిన సరుకు. అవి పట్టుకొని మన యువకులు మాట్లాడితే న్యాయమైన వాదం కాస్తా అబద్ధపు వాదమవుతుంది. వినేవాడు పలస్తీనా మాట వదలి అబద్ధం మాట పట్టుకుంటాడు. నష్టం ఎవరికి? పలస్తీనా వాడికే గదా.

మరొక మాట. ఒక మనిషి చేసినదానికి మతమంతటినీ దోషిని చేయడం, ఊరిలో ఏమి జరిగినా ఫలానావారే అనడం, పుకారు నమ్మి విచారణ లేకుండా శిక్షించడం – ఇవన్నీ అల్పసంఖ్యాకులుగా మనకు తెలియని బాధలు కావు. మనకు జరిగితే అన్యాయమన్నది ఎవరికి జరిగినా అన్యాయమే. ఎవరైనా ఒక వార్త తెస్తే దానిని విచారించి తెలుసుకోండి అని మన దీన్ మనకు నేర్పుతున్నది. కనుక తల్లిదండ్రులకు మా మనవి. మీ పిల్లలు యూదుల గురించిగాని, క్రైస్తవుల గురించిగాని, హిందూ సోదరుల గురించిగాని ఒక మాట విని ఇంటికి వస్తే, ముందుగా ఇది ఎవరు చెప్పినారు, ఆధారమేమిటి అని అడగండి. నార్విచ్‌లో 1144లో ఆ ప్రశ్న గట్టిగా అడిగినవారు చాలినంతమంది లేకపోయినారు.